ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ, చార్జింగ్: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

బండి కొన్న కొత్తలో అందరి చూపూ స్క్రీన్ మీద కనిపించే శాతం మీదే ఉంటుంది. 80 దగ్గర ఆపాలా, 100 దాకా పెట్టాలా అని వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే వాదనలు. శాతం లెక్క అక్కర్లేదని కాదు. కానీ మన ఊళ్లో బ్యాటరీని ముందు తినేది ఎండ, మనుషుల మీదికి ముప్పు తెచ్చేది గోడకున్న పాత సాకెట్. అందుకే ఇక్కడ ఆ రెండింటికీ ఎక్కువ చోటిచ్చాను. సమాధానాలన్నీ లిథియం బ్యాటరీ బండ్ల గురించే. పాత లెడ్ యాసిడ్ బండ్ల సంగతి చివర్లో విడిగా ఉంది. మీ కంపెనీ మాన్యువల్ వేరేగా చెబితే దాని మాటే వినండి, వారంటీ దానితోనే ముడిపడి ఉంటుంది.

రోజూ 100 శాతం చార్జ్ చేయొచ్చా, 80 దగ్గర ఆపేయాలా?

మీ బ్యాటరీ ఏ రకమో ముందు తెలుసుకోండి. మాన్యువల్‌లోనో, ప్యాక్ మీద స్టిక్కర్‌లోనో రాసి ఉంటుంది. లేదంటే సర్వీస్ సెంటర్‌లో అడిగితే చెబుతారు. చాలా స్కూటర్లలో ఎన్‌ఎంసీ, అంటే నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన సెల్స్ ఉంటాయి. కొన్నింటిలో ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఉంటాయి.

ఎన్‌ఎంసీ సెల్ పూర్తిగా నిండితే 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ వోల్టేజీలో గంటల తరబడి, అందులోనూ వేడిలో ఉంటే లోపలి రసాయనం త్వరగా అరిగిపోతుంది. అంటే 100 దాకా ఎక్కించడం కన్నా, 100 దగ్గర ఊరికే నిలబెట్టి ఉంచడంతోనే ఎక్కువ నష్టం. రోజుకు పాతిక, ముప్పై కిలోమీటర్లు ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లకు 80, 85 చాలు. చిలుకూరు లాంటి దూరం వెళ్లొచ్చే రోజున నిశ్చింతగా 100 పెట్టుకోండి, నిండిన వెంటనే బయల్దేరితే సరిపోతుంది.

ఎల్‌ఎఫ్‌పీ సంగతి వేరు. దాని వోల్టేజీ మధ్యలో చాలాసేపు ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి, లోపల ఎంత మిగిలిందో బీఎంఎస్‌కు, అంటే బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్ బోర్డుకు, సరిగ్గా అంచనా అందదు. అప్పుడప్పుడూ 100 దాకా పెడితేనే లెక్క సరిపడుతుంది, సెల్స్ మధ్య తేడాలూ సర్దుకుంటాయి. వారానికోసారి పెట్టండి. ఇలా చేయకపోతే 15 శాతం చూపిస్తూనే బండి ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదం ఉంది.

పూర్తిగా అయిపోయాకే చార్జింగ్ పెట్టాలంటారు. మధ్యలో పెడితే బ్యాటరీ అలవాటు పడుతుందా?

అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట. లిథియంకు ఆ బాధ లేదు. నిజానికి దానికి పడనిది పూర్తిగా ఖాళీ కావడమే. 20 శాతం దగ్గరికి రాగానే పెట్టేయండి. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు అంటూ ముక్కలుగా పెట్టినా నష్టం లేదు. 50 నుంచి 80 దాకా పెడితే ఒక సైకిల్ (మొత్తం 100 శాతం చార్జి) అయిపోయినట్టు కాదు, 30 శాతమే లెక్కలోకి వస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఈ ప్రశ్నకే సమాధానం పెద్దది. హైదరాబాద్‌లో ఆ రెండు నెలలూ మధ్యాహ్నం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. అది నీడలో కొలిచిన లెక్క. మాదాపూర్‌లోనో, అమీర్‌పేటలోనో ఎండన నిలబెట్టిన బండికి పైనుంచి ఎండ, కింద నుంచి తారు రోడ్డు సెగ. సాయంత్రం ఆరింటికి దాని మీదే ఇంటికొస్తే మోటారు కోసం కరెంటిస్తూ బ్యాటరీ ఇంకా వేడెక్కుతుంది. ఇంటికి రాగానే చార్జర్ గుచ్చితే చార్జింగ్ వేడి కూడా దానికి తోడవుతుంది.

మామూలు లిథియం సెల్స్‌ను చార్జ్ చేయడానికి 45 డిగ్రీలే పైహద్దు. వాడుకోవడానికి మాత్రం ఇంకొంచెం ఎక్కువ వేడినైనా తట్టుకుంటాయి. అందుకే నడిచేటప్పుడు ఏ ఇబ్బందీ పెట్టని బండి, ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టగానే వేడి ఎక్కువైందని చార్జింగ్ ఆపేస్తుంది, లేదా బాగా నెమ్మదిగా ఎక్కిస్తుంది. బండి పాడైందని టెన్షన్ పడి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసేవాళ్లు ప్రతి వేసవిలోనూ ఉంటారు. అది పాడవడం కాదు, బీఎంఎస్ తన పని తాను చేయడం. ఎండన పడి వచ్చిన మనిషిని కాసేపు గాలికి కూర్చోబెట్టి అన్నం పెట్టినట్టే, బండికీ ముప్పావు గంట, గంట విరామం ఇచ్చి చార్జింగ్ పెట్టండి.

ఇంతకన్నా మంచి పద్ధతి ఇంకోటుంది. యాప్‌లో టైమర్ ఉంటే చార్జింగ్ తెల్లవారుజామున మొదలయ్యేలా పెట్టుకోండి. గాలి చల్లగా ఉంటుంది, నిండిన కాసేపటికే మీరు బయల్దేరతారు. నిండు బ్యాటరీతో రాత్రంతా వేడి సెల్లార్‌లో నిలబడే పని తప్పుతుంది. టైమర్ లేకపోతే పొద్దున లేవగానే పెట్టినా చాలామందికి సరిపోతుంది.

రేకుల షెడ్డు నీడే కదా అనుకోవద్దు, మధ్యాహ్నం దాని కింద బయటికన్నా ఉక్కగా ఉంటుంది. చెట్టు నీడ మేలు. నల్లటి ప్లాస్టిక్ కవరు కప్పి ఎండలో వదిలితే వేడి లోపలే ఉండిపోతుంది. బ్యాటరీని చల్లబరచాలని నీళ్లు చల్లడం, తడి గోనెసంచి కప్పడం లాంటివి అసలు వద్దు.

మరి చలికాలంలో?

భయం లేదు. లిథియం బ్యాటరీని చార్జ్ చేయడం ప్రమాదమయ్యేది సున్నా డిగ్రీల కింద. మన ఊళ్లో ఆ పరిస్థితి రాదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున రేంజ్ కొంచెం తక్కువ చూపిస్తే కంగారు పడకండి.

చార్జర్‌కు 5 ఆంప్స్ సాకెట్ చాలదా? 15 ఆంప్స్ ఎందుకు అడుగుతున్నారు?

కాగితం మీద చాలు. ఇంటికి ఇచ్చే పోర్టబుల్ చార్జర్లు చాలావరకు 650 నుంచి 750 వాట్లు. 230 వోల్టుల దగ్గర లెక్కేస్తే 3 ఆంప్స్‌కు కాస్త అటూఇటూ. గీజర్, ఐరన్ బాక్స్ దీనికన్నా ఎక్కువే గుంజుతాయి.

తేడా సమయంలో ఉంది. ఐరన్ బాక్స్ పావుగంట వాడతాం, అదీ మధ్యమధ్యలో దానంతటదే ఆగుతుంది. స్కూటర్ చార్జర్ మాత్రం నాలుగైదు గంటలు ఆపకుండా అదే కరెంటు తీసుకుంటుంది. సాకెట్ లోపలి ఇత్తడి పట్టీలు సాగిపోయి పిన్ను వదులుగా ఉంటే ఆ చిన్న చోటే వేడెక్కుతుంది. వేడికి పట్టీ ఇంకా వదులవుతుంది, వదులైన కొద్దీ వేడి పెరుగుతుంది. కొన్ని వారాలకు సాకెట్ రంధ్రం చుట్టూ తెల్ల ప్లాస్టిక్ లేత గోధుమరంగుకు తిరుగుతుంది. పిన్ను మీద నల్లటి మచ్చ పడుతుంది. గోడ దగ్గర కాలిన బేకలైట్ వాసన సన్నగా వస్తుంది. ఇవన్నీ బ్యాటరీకి సంబంధం లేని గోడలోని గొడవలు. మంట మాత్రం బండి పక్కనే పుడుతుంది.

అందుకని ఒక చిన్న పరీక్ష. చార్జింగ్ పెట్టిన అరగంటకు సాకెట్ స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, దాని వెనక భాగాన్ని చేత్తో పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్ మార్చేదాకా అక్కడ చార్జింగ్ ఆపేయండి. చార్జర్ డబ్బా వేడెక్కడం మాత్రం మామూలే. దాన్ని గుడ్డల మీద, మూసిన డిక్కీలో కాకుండా గాలి ఆడే చోట పెట్టండి.

కొత్తగా పాయింట్ వేయించుకుంటే ఎలక్ట్రీషియన్‌కు ఇలా చెప్పండి: మంచి కంపెనీ 15 ఆంప్స్ సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి విడిగా ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్), వీలైతే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్). మల్టీప్లగ్గు, రెండు పిన్నుల అడాప్టర్, కూలర్‌కు వాడే సన్నవైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఈ మూడూ బండి దరిదాపుల్లోకి రాకూడదు. చుట్ట చుట్టిన ఎక్స్‌టెన్షన్ వైరు అయితే ఆ చుట్టలోనే వేడి పేరుకుంటుంది.

మా ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో పై రంధ్రం వెనక వైరే ఉండదు. టెస్టర్ ఫేజును చూపిస్తుంది గానీ ఎర్తింగ్ సంగతి తేల్చదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటరుతో చూడమనండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 దగ్గర వస్తే, ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు, మూడు వోల్టులకు మించకూడదు. అక్కడ ఇరవై, ముప్పై చూపిస్తే లోపం సరిచేసేదాకా ఆ పాయింట్‌లో బండి పెట్టకండి.

కొన్ని చార్జర్లు ఎర్తింగ్ లేకపోతే ఎర్ర లైటు వెలిగించి మొండికేస్తాయి. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు ఒక చిట్కా వాడతారు: సాకెట్‌లోనే న్యూట్రల్‌నూ ఎర్తునూ చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. ఎర్ర లైటు ఆరిపోతుంది, చార్జింగ్ మొదలవుతుంది, అందరూ సంతోషం. కానీ ఎప్పుడైనా న్యూట్రల్ వైరు తెగితే బండి బాడీకే కరెంటు వస్తుంది. తడి చేత్తో హ్యాండిల్ పట్టుకున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. ఎవరైనా ఇలా కలుపుతామంటే నిర్మొహమాటంగా వద్దనండి. ఎర్త్ పిట్, అంటే ఎర్త్ వైరును నేలలోకి దింపే గుంత, వేయించడానికి అయ్యే ఖర్చు, బండి ఆన్‌రోడ్ ధరతో పోల్చుకుంటే ఏమంత కాదు.

ఉన్న ఎర్త్ పిట్‌ను కూడా పట్టించుకోవాలి. వేసవిలో నేల ఎండిపోతే దాని పనితనం తగ్గుతుంది. అప్పుడప్పుడూ రెండు బకెట్ల నీళ్లు పోయమని వాచ్‌మన్‌కు చెప్పి ఉంచండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. సెల్లార్‌లో చార్జింగ్ ఎలా?

రెండో అంతస్తు బాల్కనీ నుంచి వైరు వేలాడదీయడం మాత్రం వద్దు. వానకు, ఎండకు, పావురాలకు ఆ వైరు ఎన్నాళ్లో ఆగదు.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మీటర్ల బోర్డు చాలాచోట్ల కిందే, సెల్లార్‌లోనో స్టిల్ట్‌లోనో ఉంటుంది. మీ ఫ్లాట్ మీటరు నుంచి మీ పార్కింగ్ దాకా పైపులో లైను లాగించుకోవడం అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి. బిల్లు మీదే, గొడవ ఉండదు. స్విచ్‌ను తాళం వేసే చిన్న పెట్టెలో పెట్టిస్తే పక్కవాళ్లు మీ లైను మీద తమ బండి చార్జ్ చేసుకుంటారన్న బెంగా ఉండదు. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే సొంత బండిని చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అసోసియేషన్ వాళ్లు అడ్డం చెబితే ఆ మాట మర్యాదగా గుర్తుచేయండి. దానితోపాటు ఎంసీబీ, ఎర్తింగ్ ఎలా వేయిస్తున్నారో ఒక కాగితం మీద రాసివ్వండి. చాలామంది సెక్రటరీల భయం కరెంటు గురించి కాదు, రేపు ఏదైనా అయితే తమ మీదికి వస్తుందని. కామన్ మీటరు నుంచి తీసుకుంటే సబ్ మీటరు పెట్టించండి. నెలకు ఇంత అని నోటిమాటగా అనుకుంటే మూడో నెలకల్లా తగాదా వస్తుంది.

చోటు కూడా ముఖ్యం. మెట్ల మొదట్లో, లిఫ్ట్ ఎదురుగా, జనరేటర్ డీజిల్ పక్కన, ఇస్త్రీ అతను సరుకు పెట్టుకునే మూలలో చార్జింగ్ పాయింట్ ఉండకూడదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి 8 మంది చనిపోయారు. పొగ మెట్ల దారిలో పైకి పాకడంతో పై అంతస్తుల వాళ్లు దిగలేకపోయారు. బండి ఎక్కడ పెట్టినా, పొగ వస్తే మనుషులు దిగే దారి మూసుకుపోకూడదు.

మాది తీసి ఇంట్లోకి తెచ్చుకునే బ్యాటరీ. ఎక్కడ పెట్టి చార్జ్ చేయాలి?

నాపరాయి, టైల్స్ లాంటి కాలని నేల మీద, చుట్టూ జానెడు ఖాళీ వదిలి, కిటికీ దగ్గర. మంచం, సోఫా, పరుపు, బట్టల కుప్ప, పూజ గది, గ్యాస్ సిలిండర్, వీటికి దూరంగా. ఇంటికున్న ఒకే ఒక్క తలుపు పక్కన వద్దు. పడుకునే గదిలో అసలే వద్దు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్‌కు పెట్టిన బ్యాటరీ రాత్రిపూట పేలి ఒక పెద్దాయన ప్రాణం పోయింది. ఆయన అదే గదిలో నిద్రపోతున్నారు.

మోసేటప్పుడు కింద పడేయకండి. పడిన బ్యాటరీ పైకి బాగానే కనిపించినా లోపల సెల్ నొక్కుకుపోయి ఉండొచ్చు. సర్వీస్‌లో చూపించాకే చార్జ్ చేయండి.

రాత్రంతా వదిలేయొచ్చా?

కంపెనీ చార్జర్, మంచి సాకెట్, ఎర్తింగ్ ఉంటే నిండగానే అదే ఆగిపోతుంది, ఎక్కువ ఎక్కదు. అయినా నా ఓటు మాత్రం మనుషులు మెలకువగా ఉండే వేళకే, టైమర్ పెట్టినా మీరు లేచే వేళకు దగ్గరగా పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే ముందు ముక్కుకు తెలియాలి కదా.

చార్జర్ పోయింది. మార్కెట్లో దొరికేది కొనొచ్చా?

వద్దు. 48, 60, 72 వోల్టుల సిస్టమ్‌లు వేర్వేరు. పిన్ను ఒకేలా ఉన్నంత మాత్రాన లోపలి వోల్టేజీ ఒకటి కాదు. ఎన్‌ఎంసీ చార్జర్, ఎల్‌ఎఫ్‌పీ చార్జర్ కూడా ఒకటి కాదు. కోఠిలో సగం ధరకు దొరికిందని తెచ్చుకుంటే వారంటీ కూడా పోతుంది.

ఇన్వర్టర్ మీద చార్జింగ్ పెట్టొచ్చా?

లెక్క చూడండి. ఇంట్లో మామూలుగా ఉండే 12 వోల్టుల, 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో మొత్తం కలిపి 1.8 యూనిట్లు (యూనిట్ అంటే కిలోవాట్ అవర్). మీ స్కూటర్ బ్యాటరీ 3 యూనిట్లదైతే, ఇన్వర్టర్ పూర్తిగా ఊడ్చుకుపోయినా బండి సగం దాటదు. ఇంట్లో ఫ్యాన్లూ ఆగుతాయి. మీ చార్జింగ్ లైను ఇన్వర్టర్ సర్క్యూట్‌లో లేకుండా చూసుకోండి. చాలామందికి కరెంటు పోయాకే ఆ సంగతి తెలుస్తుంది.

కరెంటు పోయి వస్తే బండికి ఏమీ కాదు, చార్జింగ్ మళ్లీ మొదలవుతుంది. మే నెల గాలివానల్లో ఉరుములు మొదలైతే మాత్రం ప్లగ్గు తీసేయండి. లైట్లు మరీ డిమ్ముగానో, మరీ ప్రకాశంగానో వెలుగుతుంటే అప్పుడూ అంతే. వోల్టేజీ ఇబ్బంది తరచూ వస్తుంటే 1912కు ఫిర్యాదు చేయొచ్చు.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

3 యూనిట్ల బ్యాటరీ నిండడానికి మీటరులో దాదాపు 3.4, 3.5 యూనిట్లు తిరుగుతాయి. తేడా అంతా చార్జర్ వేడిగా పోతుంది. యూనిట్‌కు 8 రూపాయలు వేసుకుంటే నిండు చార్జికి 28 రూపాయల లోపే. దానితో 80, 90 కిలోమీటర్లు వస్తాయి. నెలకు 900 కిలోమీటర్లు తిరిగితే 35 నుంచి 40 యూనిట్లు, అంటే మూడు వందల రూపాయల చుట్టుపక్కల. అదే దూరానికి పెట్రోల్ స్కూటర్ 20 లీటర్లు తాగుతుంది. లీటరు వంద దాటాక ఇక పోలికే లేదు.

ఒక మెలిక ఉంది. నెల వాడకం 200 యూనిట్లు దాటితే కొత్త యూనిట్లకే కాదు, మొదటి 200 యూనిట్లకు కూడా రేటు మారిపోతుంది. ఇప్పటికే 180, 190 దగ్గర ఉన్నవాళ్లు ఆ సంగతి చూసుకోండి. బిల్లు ఒక్కసారిగా పెరిగిందని బండిని తిట్టేవాళ్లలో సగం మందికి కారణం ఈ స్లాబే.

ఫాస్ట్ చార్జర్ వాడితే బ్యాటరీ పాడవుతుందా?

అవసరానికి వాడితే ఏం కాదు. రోజూ అదే దిక్కుగా పెట్టుకోకండి. మే నెల మధ్యాహ్నం దూరం నుంచి వచ్చి వెంటనే పెట్టకండి. 80 శాతం దాటాక వేగం ఎలాగూ పడిపోతుంది, అక్కడే తీసేస్తే మీ వెనక ఉన్నవాళ్లకూ మేలు. బయల్దేరే ముందు ఆ చార్జర్ మీ బండికి పడుతుందో లేదో యాప్‌లో చూసుకోండి. తేలికపాటి బండ్ల కోసం 2023లో భారతీయ ప్రమాణాల సంస్థ ఒక ఉమ్మడి కనెక్టర్‌ను ఆమోదించింది గానీ, అన్ని కంపెనీలూ దానికి రాలేదు.

వానలో నడపొచ్చా? నీళ్లు నిలిచిన రోడ్డులో?

వానలో నడపొచ్చు. చాలా బ్యాటరీ ప్యాక్‌లకు ఐపీ 67 రేటింగ్ ఉంటుంది. అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచినా లోపలికి నీళ్లు పోకూడదు. కానీ అది కొత్త ప్యాక్‌ను శుభ్రమైన నీళ్లలో ముంచి చేసే పరీక్ష. రెండేళ్లు గుంతల్లో ఎగిరిన ప్యాక్ సీలుకు, డ్రైనేజీ కలిసిన వాననీటికి ఆ హామీని సాగదీయకూడదు. పైగా ఆ రేటింగ్ బ్యాటరీది. మోటారు బేరింగులు, వైర్ల కనెక్టర్లు, చార్జింగ్ పోర్టు లెక్క వేరు. నీళ్లు ఫుట్‌బోర్డును తాకేలా ఉంటే వెనక్కి తిరగండి.

తడిసి వచ్చాక చార్జింగ్ పోర్టు మూత తీసి, లోపల చెమ్మ లేదని చూసుకుని, తుడిచి, ఆరనిచ్చి అప్పుడు గుచ్చండి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌తో పోర్టు మీద, సీటు కింద కొట్టనివ్వకండి.

సెల్లార్‌లో బండి మునిగితే, 2020 అక్టోబరు వానలకు ఊళ్లో ఎన్నో సెల్లార్లలో అదే జరిగింది, ముందు మెయిన్ ఆపించండి. నిలిచిన నీళ్లలో కరెంటు ఉండొచ్చు కాబట్టి అది ఆగాకే దిగండి. నీళ్లు తగ్గాక బండి ఆన్ చేయొద్దు, చార్జ్ పెట్టొద్దు. తోసుకుంటూ తెచ్చి ఆరుబయట, గోడకూ ఇతర బండ్లకూ దూరంగా నిలబెట్టి సర్వీస్‌కు ఫోన్ చేయండి. స్క్రీన్ వెలిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు. లోపలికి చేరిన నీరు నెమ్మదిగా తుప్పు పట్టించి రోజుల తరువాత కూడా షార్ట్ చేయగలదు.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం. బండిని ఎలా వదలాలి?

50, 60 శాతం దగ్గర, ప్లగ్గు తీసి, నీడన. వారం పది రోజులకు అంతే చాలు. వేసవి సెలవులకు నెల దాటి వెళ్తే మధ్యలో ఎవరితోనైనా ఒకసారి శాతం చూపించుకోండి. బండి ఆఫ్‌లో ఉన్నా యాప్ కనెక్షన్, అలారం కొద్దికొద్దిగా తింటూనే ఉంటాయి. 5 శాతంతో వదిలి వెళ్తే తిరిగొచ్చేసరికి బ్యాటరీ మరీ లోతుగా పడిపోయి చార్జే తీసుకోకపోవచ్చు. కొన్ని బండ్లలో విడిగా చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. పెద్దది నిండుగా ఉన్నా ఇది దిగిపోతే స్క్రీన్ వెలగదు. దాన్ని మార్చడం పెద్ద ఖర్చేమీ కాదు, ముందే బెంబేలు పడకండి.

రేంజ్ తగ్గింది. బ్యాటరీ పోయినట్టేనా?

ముందు టైర్లలో గాలి చూడండి. గాలి తక్కువైతే రేంజ్ కళ్లెదుటే పడిపోతుంది, కానీ ఎవరూ అటు చూడరు. తరువాత మోడ్, వెనక కూర్చునే మనిషి, దారి. ఉప్పల్ నుంచి చదునైన రోడ్డు మీద వెళ్లే బండికీ, బంజారాహిల్స్ ఎత్తులు ఎక్కే బండికీ ఒకే రేంజ్ రాదు. పల్లం దిగేటప్పుడు రీజెన్‌తో, అంటే మోటారే బ్రేకులా పనిచేస్తూ బ్యాటరీని నింపడంతో, కొంత తిరిగొస్తుంది, కానీ బ్యాటరీ 100 ఉన్నప్పుడు ఆ కరెంటు పట్టే చోటుండదు కాబట్టి రీజెన్ పనిచేయదు, లేదా తగ్గుతుంది. కొండ మీద ఇల్లున్నవాళ్లు 90 దగ్గర ఆపడానికి ఇది ఇంకో కారణం. అన్నట్టు, అలాంటి ఉదయాల్లో బ్రేకు మామూలుకన్నా గట్టిగా పట్టాల్సి వస్తుంది, గుర్తుంచుకోండి.

అనుమానం తీరకపోతే ఒకే దారిలో, ఒకే మోడ్‌లో 100 నుంచి 20 దాకా నడిపి కిలోమీటర్లు రాసుకోండి, కొన్ని నెలల తరువాత మళ్లీ చూడండి. స్క్రీన్ మీద ముందుగా చూపే అంచనాను నమ్మొద్దు. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టు, దాన్నే ఎస్‌ఓహెచ్ అంటారు, కాగితం మీద అడగండి. వారంటీలో ఏ శాతం కిందికి పడితే మారుస్తారో రాసి ఉంటుంది. చాలాచోట్ల అది 70.

అసలు ఎన్నేళ్లు వస్తుంది?

ఎన్‌ఎంసీ ప్యాక్ 800 నిండు సైకిళ్లు ఇచ్చిందనుకుందాం. సైకిల్‌కు 80 కిలోమీటర్లు అంటే 64,000 కిలోమీటర్లు. ఏడాదికి 12,000 తిరిగేవాళ్లకు అయిదేళ్ల పైమాటే. అప్పుడైనా ఆగిపోదు, రేంజ్ తగ్గి నడుస్తుంది. ఎల్‌ఎఫ్‌పీ అయితే సైకిళ్లు ఇంకా ఎక్కువ.

సెకండ్ హ్యాండ్ బండి కొంటే ఏం చూడాలి?

తయారీ తేదీ. 2022లో వరసగా జరిగిన ప్రమాదాల తరువాత కేంద్రం ఏఐఎస్ 156 అనే బ్యాటరీ భద్రతా నిబంధనలను బిగించింది. మొదటి విడత 2022 డిసెంబరు 1 నుంచి, రెండో విడత 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ తరువాత తయారైనది దొరికితే మంచిది. ఎస్‌ఓహెచ్ రిపోర్టు లేకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. వారంటీ మీ పేరుకు మారుతుందో లేదో కంపెనీనే అడగండి, అమ్మేవాళ్లను కాదు. ప్యాక్ మీద స్క్రూలు గీసుకుపోయి ఉంటే, సీలు చిరిగి ఉంటే, ఎవరో బయట విప్పారని అర్థం. ఒకటి రెండు సెల్స్ మార్చి తక్కువలో బాగుచేస్తామనే షాపులున్నాయి. పాత సెల్స్ మధ్య కొత్తవి పెడితే అన్నీ ఒకేలా నిండవు, ఒకేలా ఖాళీ అవవు. అలాంటి బండిని ధర ఎంత తగ్గించినా వదిలేయండి.

ఏం కనిపిస్తే వెంటనే ఆపేయాలి?

ప్యాక్ ఉబ్బడం, ఒక పక్కే బాగా కాలడం, థిన్నర్ లాంటి తియ్యని ఘాటు వాసన, బుస్సుమనే శబ్దం, తెల్లటి పొగ. మొదటి రెండింటికి చార్జింగ్ ఆపి, బండిని మనుషులకు దూరంగా ఆరుబయట పెట్టి సర్వీస్‌కు ఫోన్ చేయండి. మిగతావాటిలో ఏది వచ్చినా బండి దగ్గరికి వెళ్లకండి. దూరంగా ఉన్న మెయిన్ స్విచ్ అందితే ఆపండి, అందరినీ బయటికి పంపి 101కు ఫోన్ చేసి, లిథియం బ్యాటరీ అని ముందే చెప్పండి. ఆ పొగ విషం. ప్యాక్‌ను బయటికి విసిరేద్దామని మోయబోకండి. సెల్లార్‌లో ఉండే మంటలార్పే చిన్న ఎర్ర సిలిండర్ పైమంటను ఆర్పినా, లోపల వేడి తగ్గక మళ్లీ అంటుకుంటుంది. దాన్ని చల్లార్చడానికి చాలా నీళ్లు కావాలి, అది ఫైర్ వాళ్ల పని.

మా నాన్నగారిది పాత లెడ్ యాసిడ్ బండి. ఇవే జాగ్రత్తలా?

కాదు, దాదాపు తలకిందులు. దాన్ని సగంలో వదలకూడదు. వాడిన ప్రతిసారీ నిండా చార్జ్ చేయాలి, నిండుగానే నిలబెట్టాలి. ఖాళీగా వదిలితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్లీ కోలుకోదు. చార్జ్ చేసేటప్పుడు గాలి ఆడాలి, పక్కన అగరొత్తి కూడా వెలగకూడదు.

పాత బ్యాటరీని ఏం చేయాలి?

పాత ఇనుప సామాన్ల బండికి వేయొద్దు, మున్సిపాలిటీ చెత్త ఆటోలో అసలు వేయొద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారుదే. కొత్తది వేయించుకునేటప్పుడు పాతది అక్కడే అప్పజెప్పి, ఎక్స్చేంజ్ ధర ఎంతో అడిగి, రశీదు తీసుకోండి.